మిషిగన్ అవెన్యూకు దక్షిణాన: చికాగో నల్లజాతి కళాకారులు, వారి పేట

సభకు నమస్కారం. పెద్దలకు, మిత్రులకు, తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకు నా అభివాదాలు.

స్వదేశం నుంచి అమ్మానాన్నలో అత్తమామలో చికాగో వచ్చినప్పుడు మనం వారిని తప్పకుండా డౌన్‌టౌన్‌కు తీసుకువెళ్తాం. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళామ్యూజియం మెట్ల దగ్గర నిలబెట్టి, 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద సర్వమత మహాసభలో మాట్లాడింది ఈ భవనంలోనే అని చెబుతాం. ఆ భవనం ముందున్న మిషిగన్ అవెన్యూ భాగానికి స్వామి పేరు గౌరవంగా పెట్టారని చూపిస్తాం. ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి డెవాన్ అవెన్యూలో భోజనం చేసి ఇల్లు చేరతాం. మనలో చాలామంది భవనం లోపలికి వెళ్లరు. అదే మిషిగన్ అవెన్యూ మీద దక్షిణంగా నాలుగైదు మైళ్లు వెళ్లేవారు మరీ తక్కువ. ఈ నగర కళాచరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం జరిగింది ఆ నాలుగైదు మైళ్ల అవతలే. ఆ పేట పేరు బ్రాంజ్‌విల్. ఈ రోజు నేను మాట్లాడదలచింది ఆ పేట గురించి, అక్కడ బొమ్మలు వేసిన, కవిత్వం రాసిన, ఫొటోలు తీసిన నల్లజాతి కళాకారుల గురించి.

నా మాట ఒక్కటే. ఈ కళాకారులను నిలబెట్టింది ముందుగా మ్యూజియంలు కావు, ధనవంతులైన సేకర్తలు కారు. ఒక గ్రంథాలయం, ఒక పాత ఇల్లు, ఒక శిథిలమవుతున్న గోడ, వాటి చుట్టూ బతికిన మామూలు జనం వారిని నిలబెట్టారు. మ్యూజియంలు ఆ తరువాత వచ్చాయి. కాబట్టి ఈ కళను గౌరవించాలంటే ఆ పేటకు వెళ్లాలి, అక్కడ నిదానంగా నిలబడి చూడాలి.

ఫిబ్రవరి రాగానే మన పిల్లలు బడి నుంచి నల్లజాతి చరిత్ర మాసం పాఠాలతో ఇంటికి వస్తారు. ఆ మాసానికి మూలపురుషుడైన కార్టర్ వుడ్సన్ తన చరిత్ర పరిశోధన సంఘాన్ని 1915లో స్థాపించింది ఎక్కడో కాదు, ఇదే పేటలో, వబాష్ అవెన్యూలోని వైఎంసీఏ భవనంలో. 1926లో ఆయన ఒక వారంగా మొదలుపెట్టిన ఉత్సవం 1976 నుంచి నెల రోజుల ఉత్సవమైంది. మన పిల్లలు పుస్తకంలో చదివే విషయం మొదలైన గది మన ఇళ్లకు గంట ప్రయాణంలో ఉన్నదని వారికి చెప్పడం మన బాధ్యత అనుకుంటాను.

ఈ పేట ఎలా ఏర్పడిందో తెలియకపోతే అక్కడి కళ సగమే అర్థమవుతుంది. 1910 జనాభా లెక్కల నాటికి చికాగోలో నల్లజాతీయులు 44 వేల పైచిలుకు. 1950 నాటికి వారి సంఖ్య 4 లక్షల 90 వేలు దాటింది. మిసిసిపి, అలబామా, లూసియానా, ఆర్కన్సా వంటి దక్షిణాది రాష్ట్రాలలో కౌలు అప్పుల నుంచి, మూకదాడుల నుంచి, ఓటు లేని బతుకు నుంచి తప్పించుకుని వారు రైలెక్కి వచ్చారు. వచ్చినవారిని చికాగో చేతులు చాచి ఆహ్వానించలేదు. నల్లజాతీయులకు అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు అని ఇళ్ల దస్తావేజుల్లోనే షరతులు రాసుకున్న కాలమది. అలాంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1948లో. అప్పటి దాకా లక్షలాది మంది సౌత్ సైడ్‌లోని ఒక సన్నని పట్టీలో కిక్కిరిసి బతికారు. డాక్టరు, కూలీ, కవి, పాస్టరు, పత్రికా సంపాదకుడు అందరూ ఒకే వీధుల్లో ఉండవలసి వచ్చింది. ఇది అన్యాయం వల్ల కలిగిన పరిస్థితి. దాన్ని అందమైనదిగా చూపడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ ఇరుకులోనే ఆ జనం తమ పత్రికలు, తమ బీమా కంపెనీలు, తమ నాట్యశాలలు, తమ కళాకేంద్రం కట్టుకున్నారన్నది కూడా నిజం.

మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్ మీద 26వ వీధి దగ్గర ఆలిసన్ సార్ చేసిన ఒక కాంస్య విగ్రహం ఉంది. 1996లో నెలకొల్పారు. ఆ వలసకు అది స్మారకం. దూరం నుంచి చూస్తే పొలుసుల కోటు తొడుక్కున్న మనిషిలా కనిపిస్తాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ పొలుసులన్నీ అరిగిపోయిన చెప్పుల అడుగులు. ఒక చేతిలో తాడుతో బిగించి కట్టిన పెట్టె, పైకెత్తిన మరో చేయి, ముఖం ఉత్తరం వైపు. పెట్టెలు సర్దుకుని ఈ దేశానికి వచ్చినవాళ్లం మనం కూడా. మనం వీసాతో, చదువుతో, ఉద్యోగపు ఉత్తరంతో వచ్చాం, వారు అవేవీ లేకుండా వచ్చారు. ఆ తేడా మరచిపోకుండానే ఆ విగ్రహం ముందు నిలబడాలని కోరుతున్నాను.

ఇక గ్రంథాలయం సంగతి. చార్ల్స్ వైట్ అనే చిత్రకారుడు 1918లో ఈ నగరంలోనే పుట్టాడు. తల్లి ఇళ్లలో పని చేసేది. పిల్లవాణ్ణి చూసుకునేవారు లేక, పనికి వెళ్తూ అతణ్ణి నగర గ్రంథాలయంలో వదిలి వెళ్లేది. గ్రంథాలయోద్యమం నడిచిన నేల నుంచి వచ్చిన మనకు, ఉచితంగా తెరిచి ఉంచిన ఒక పఠనమందిరం పేదింటి పిల్లవాడికి ఎంత ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అక్కడే అతనికి ఆలైన్ లాక్ సంపాదకత్వంలో వచ్చిన ‘ద న్యూ నీగ్రో’ సంకలనం దొరికింది. తనవారిలో కవులు, శిల్పులు, పండితులు ఉన్నారని అతనికి మొదట చెప్పింది బడి కాదు, ఆ పుస్తకం. మన చరిత్ర పాఠంలో వీరెందుకు లేరని బడిలో ఉపాధ్యాయులను అడిగితే నోరు మూసుకోమన్నారు. రెండు కళాశాలలు ఉపకారవేతనం ఇచ్చి, మనిషి నల్లవాడని చూశాక వెనక్కి తీసుకున్నాయి. చివరకు 1937లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పాఠశాలలో చేరగలిగాడు.

రెండేళ్లకు, ఇరవయ్యొకటవ ఏట, అతను వేసిన పెద్ద కుడ్యచిత్రంలో అయిదుగురు నల్లజాతి మహనీయులున్నారు. ఆ అయిదుగురు ఎవరన్నది అతను ఒక్కడే తేల్చలేదు. నల్లజాతివారి ‘చికాగో డిఫెండర్’ పత్రిక పాఠకుల ఓట్లతో తేలింది. సొజర్నర్ ట్రూత్, ఫ్రెడరిక్ డగ్లస్, బుకర్ వాషింగ్టన్, జార్జ్ వాషింగ్టన్ కార్వర్, గాయని మేరియన్ ఆండర్సన్. ఏ చిత్రం వేయాలో జనం చెప్పారు, ఎలా వేయాలో కళాకారుడు చూసుకున్నాడు. ఈ పద్ధతి ఈ పేటలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అదే కాలంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆర్థిక మాంద్యంలో పని లేని కళాకారులకు జీతాలిచ్చే పథకం నడుపుతోంది. ఊరూరా కళాకేంద్రాలు పెట్టడం అందులో భాగం. జీతాలు, సామగ్రి ప్రభుత్వం ఇస్తుంది, భవనం మాత్రం స్థానికులే సమకూర్చుకోవాలి. అది నిబంధన. అద్దె కట్టడమే కష్టమైన పేటలో భవనం కొనడం ఎలా? దాతలను ఆశ్రయించారు, కళాకారుల పేరిట నాట్యోత్సవాలు జరిపి టికెట్లు అమ్మారు. వీటన్నిటితో పాటు ‘మైలు పొడవు డైములు’ అనే పేరుతో పది సెంట్ల నాణేల సేకరణ మొదలుపెట్టారు. మార్గరెట్ బరోస్ అప్పుడు ఇరవైల్లో ఉన్న యువతి. వీధి మూల మీద డబ్బా పట్టుకుని నిలబడి, దారిన పోయేవారిని డైము అడిగిన వారిలో ఆమె ఒకరు. అలా కూడిన డబ్బుతో 3831 సౌత్ మిషిగన్ అవెన్యూలో ఒకప్పటి ధనికుల భవంతిని కొన్నారు. 1940 డిసెంబరులో సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ తలుపులు తెరుచుకున్నాయి. 1941 మే 7న ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి లాంఛనంగా అంకితం చేశారు. ఆ సందర్భపు ప్రదర్శనను కూర్చింది వైట్ గ్రంథాలయంలో చదివిన ఆ సంకలనం సంపాదకుడు ఆలైన్ లాక్.

ఆ ఇంటి లోపలి భాగాన్ని ప్రత్యేకంగా చూడమంటాను. జర్మనీలోని బౌహౌస్ అనే కళాపాఠశాల నుంచి వచ్చిన సంప్రదాయంలోని రూపశిల్పులు దాని గదులను గ్యాలరీలుగా మార్చారు. గోడలకు తెల్ల సున్నం ఉండదు, చెక్క పలకలు ఉంటాయి. దశాబ్దాల తరబడి ప్రదర్శన తరువాత ప్రదర్శనకు కొట్టిన మేకుల గుర్తులు ఆ చెక్క నిండా ఉన్నాయి. వాటిని పూడ్చి పాలిష్ పెట్టలేదు. ఏ మేకు ఎవరి బొమ్మకు కొట్టారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఆ గోడలకు వేలాడిన బొమ్మలు వేసినవారిలో చార్ల్స్ వైట్, ఎల్డ్‌జియర్ కోర్టర్, ఆర్చిబాల్డ్ మాట్లీ ఉన్నారు. ఆ ఇంటి నేలమాళిగలోని చీకటిగదిలో గార్డన్ పార్క్స్ ఫొటోలు కడిగేవాడు. అక్కడి నుంచి ఎదిగి 1942లో రోజెన్‌వాల్డ్ ఫెలోషిప్ పొందాడు, ఆ తరువాత ‘లైఫ్’ పత్రికకు ఫొటోలు తీశాడు. శిల్పి ఎలిజబెత్ కాట్లెట్ 1941 వేసవిలో ఇక్కడ పని చేసింది. ఒక గదిలో ఐనెజ్ కనింగ్‌హామ్ స్టార్క్ అనే సంపన్న శ్వేతజాతి మహిళ కవితా తరగతులు నడిపేది, తన స్నేహితుల అభ్యంతరాలను పట్టించుకోకుండా. ఆ తరగతిలో కూర్చున్న గ్వెండొలిన్ బ్రూక్స్ 1945లో ఇదే పేట పేరు మీద తొలి సంపుటి వెలువరించి, 1950లో పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత అయింది. ఒకే ఇంటి కప్పు కింద చిత్రం, ఛాయాచిత్రం, శిల్పం, కవిత్వం ఇలా కలిసి పెరిగిన సందర్భాలు ఏ దేశంలోనైనా అరుదు.

1943లో ప్రభుత్వ పథకం ఆగిపోయింది. చాలా ఊళ్లలో ఇలాంటి కేంద్రాలు దానితో పాటే మూతపడ్డాయి. ఇది మూతపడలేదు, ఎందుకంటే భవనం జనానిది. బరోస్ అక్కడితో ఆగలేదు. డూసాబుల్ హైస్కూలులో రెండు దశాబ్దాలకు పైగా బొమ్మలు వేయడం నేర్పుతూనే, 1961లో ఆర్ట్ సెంటర్‌కు ఎదురుగానే ఉన్న తన సొంత ఇంట్లో, భర్తతో, మిత్రులతో కలిసి ఒక మ్యూజియం ప్రారంభించింది. ముందుగదిలో ప్రదర్శన, పైన కాపురం. ఆ మ్యూజియం 1973లో వాషింగ్టన్ పార్కులోని పెద్ద భవనానికి మారింది. నేటి డూసాబుల్ మ్యూజియం అదే. బరోస్ లినోలియం పలక మీద చెక్కి అచ్చు తీసిన లినోకట్ చిత్రాలు చూసినవారు, ఆ గట్టి నల్లని గీతల్లో పిల్లల ముఖాలు, తల్లుల ముఖాలు ఎంత నిండుగా ఉంటాయో మరచిపోలేరు. ఆమె అచ్చు చిత్రాలను ఇష్టపడటానికి ఒక స్పష్టమైన కారణం ఉంది. ఒక పలక చెక్కితే చాలా ప్రతులు తీయవచ్చు, తక్కువ ధరకు ఇవ్వవచ్చు, జీతం మీద బతికే మనిషి ఇంటి గోడకు కూడా అసలైన కళ చేరుతుంది.

మాట్లీ గురించి రెండు మాటలు ఎక్కువే చెబుతాను. ఆయన ‘నైట్‌లైఫ్’ను 1943లో వేశాడు. అది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలోనే ఉంది. ఈ పేటలోని ఒక రాత్రి క్లబ్బు దృశ్యం. కాన్వాసంతా ఊదా, గులాబీ కలిసిన ఒకే వెలుగు పరచుకుని ఉంటుంది. నాట్యం చేసేవారు ఒకరి మీద ఒకరు పడేంత దగ్గరగా, ఏటవాలుగా ఒరిగి ఉంటారు. వెనుక సీసాల వరుస, కుడి వైపు జ్యూక్‌బాక్సు, పైన గడియారంలో ఒంటిగంట. నిదానంగా చూస్తే మరొకటి తెలుస్తుంది: ఇంత మందిలో అందరి చర్మం ఒకే రంగులో లేదు. చామన, గోధుమ, కారునలుపు, అన్నీ ఉన్నాయి. నల్లజాతి అంటే ఒకే ముఖం అని చూసేవారికి మాట్లీ జీవితమంతా ఇచ్చిన జవాబు అది. ఎడ్వర్డ్ హాపర్ వేసిన ‘నైట్‌హాక్స్’ను, ఆ నిర్మానుష్యమైన రాత్రి హోటలు బొమ్మను, ఇదే సంస్థ 1942లో కొన్నది. ఆ చిత్రం ముందు ఎప్పుడూ గుంపు ఉంటుంది. అది చూసినవారు మాట్లీ రాత్రిని కూడా వెతికి చూడాలి. నాకు మాట్లీ రాత్రి ఎక్కువ ఇష్టం, అందులో మనుషులున్నారు.

ఇప్పుడు గోడ దగ్గరికి వస్తాను. 1967 ఆగస్టు 15న డౌన్‌టౌన్‌లో పికాసో రూపకల్పన చేసిన మహా ఉక్కు శిల్పాన్ని మేయరు సమక్షంలో ఆవిష్కరించారు. అందుకు కవిత చదవమని గ్వెండొలిన్ బ్రూక్స్‌ను పిలిచారు. ఆమె చదివింది. అదే నెలలో 43వ వీధి, లాంగ్లీ అవెన్యూ మూల మీద మరొక ఆవిష్కరణ జరిగింది, అక్కడా ఆమె కవిత చదివింది. అక్కడ ఆవిష్కరించింది కూల్చివేతకు గురి కావలసిన ఒక పాత భవనపు పక్కగోడను. విలియం వాకర్, జెఫ్ డొనాల్డ్‌సన్, వాడ్స్‌వర్త్ జారెల్, బార్బరా జోన్స్-హోగు తదితర చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు కలిసి, సిల్వియా అబర్నతి వేసిన నమూనా ప్రకారం, ఆ గోడను భాగాలుగా పంచుకుని, తమ వీరులను చిత్రించారు. మాల్కం ఎక్స్, మొహమ్మద్ అలీ, డుబోయిస్, నీనా సిమోన్, చార్లీ పార్కర్, ఇంకా బ్రూక్స్ కూడా ఆ గోడ మీద ఉన్నారు. దానికి పెట్టిన పేరు ‘వాల్ ఆఫ్ రెస్పెక్ట్’. నగరపాలక సంస్థ సొమ్ము ఒక్క డాలరు లేదు. చుట్టుపక్కల జనం పని జరుగుతుండగా నిలబడి చూసేవారు, అభిప్రాయం చెప్పేవారు, రాత్రి కాపలా కాసేవారు. బొమ్మలు వేసినవారి మధ్య తగాదాలు కూడా వచ్చాయి. ఒక భాగానికి సున్నం వేసి మరొకరి చేత మళ్లీ వేయించడం చాలా మందిని బాధపెట్టింది. ఆ సంగతి దాచవలసిన పని లేదు, ఉమ్మడి పనిలో అది కూడా ఉంటుంది. 1971లో భవనం అగ్నిప్రమాదానికి గురైంది, తరువాత కూల్చివేశారు. గోడ నిలిచింది నాలుగేళ్లే. కానీ దాన్ని చూసి డెట్రాయిట్‌లో, బోస్టన్‌లో, ఇతర నగరాలలో పేటల గోడలు బొమ్మలతో నిండాయి. ఈనాడు అమెరికా నగరాల్లో మనం ఫొటోలు తీసుకునే వీధి కుడ్యచిత్రాలలో చాలా వాటి వంశవృక్షం ఆ మూలకు చేరుతుంది. ఆ గోడ వేసినవారిలో కొందరు 1968లో ఆఫ్రికోబ్రా అనే బృందంగా ఏర్పడి, మెరిసే రంగులతో, అక్షరాలు కలగలిపిన చిత్రాలను అచ్చు వేసి చవకగా అమ్మారు. బరోస్ ఆలోచనే మరో తరంలో కొనసాగింది.

చార్ల్స్ వైట్ తరువాత లాస్ ఏంజలిస్ వెళ్లి ఓటిస్ కళాశాలలో బోధించాడు. అలబామాలో పుట్టి, లాస్ ఏంజలిస్‌లోని వాట్స్ ప్రాంతంలో పెరిగిన కెర్రీ జేమ్స్ మార్షల్ అక్కడ ఆయన శిష్యుడయ్యాడు. ఆ శిష్యుడు 1987లో గురువు పుట్టిన ఊరికి వచ్చి స్థిరపడ్డాడు, బ్రాంజ్‌విల్‌లోనే పని చేస్తున్నాడు. మార్షల్ చిత్రాల్లో మనుషులు నిజంగా నల్లగా, రాత్రిలా నల్లగా ఉంటారు. ఆ నలుపు ఒకే డబ్బాలోది కాదు. మూడు రకాల నల్ల రంగులు తీసుకుని, ఒక్కోదానిలో నీలమో ఆకుపచ్చో ఊదానో కలిపి, ఒక నలుపు పక్కన మరో నలుపు పెట్టి ముఖం రూపు తెస్తాడు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలోని ‘మెనీ మాన్షన్స్’ ముందు కొంతసేపు నిలబడితే కళ్లు ఆ తేడాలకు అలవాటు పడతాయి. తెల్ల చొక్కాలు తొడుక్కున్న ముగ్గురు నల్లజాతి పురుషులు, ప్రభుత్వ గృహసముదాయం ముందు పూలమొక్కలు నాటుతూ ఉంటారు. వెనుక కనిపించే అపార్టుమెంట్లు స్టేట్‌వే గార్డెన్స్, ఇదే పేటలోవి, ఇప్పుడు లేవు. పేరులో మాత్రమే తోట ఉన్నదని లోకం ఎగతాళి చేసిన చోట, అక్కడ బతికినవారు తోట వేసుకున్నారని ఆ చిత్రం గౌరవంగా చెబుతుంది.

మార్షల్ వేసిన ‘పాస్ట్ టైమ్స్’ చిత్రం 2018లో వేలంలో 2 కోట్ల 11 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాన్ని ఎప్పుడో 25 వేల డాలర్లకు కొని గోడకు తగిలించిన ప్రభుత్వ సంస్థ అమ్మి సొమ్ము చేసుకుంది. అది చూసిన నగర యంత్రాంగం, వెస్ట్ సైడ్‌లోని లెగ్లర్ గ్రంథాలయం కోసం 1995లో ఆయన వేసిన ‘నాలెడ్జ్ అండ్ వండర్’ను కూడా వేలానికి పెట్టబోయింది. మార్షల్ బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు, నగరంలో విమర్శ చెలరేగింది, మేయరు అమ్మకం ఆపేశాడు. పుస్తకాల ఎదుట అబ్బురంతో నిలబడిన నల్లజాతి పిల్లలను చూపే చిత్రమది. దాన్ని అమ్మకుండా ఆపడం సరైన పని అని నేను నమ్ముతున్నాను. ఆ ముందు ఏడాదే ఆయన ఇదే నగరం కోసం, చికాగో సాంస్కృతిక జీవితాన్ని తీర్చిదిద్దిన ఇరవైమంది స్త్రీల ముఖాలతో, కల్చరల్ సెంటర్ గోడకు ఒక మహాకుడ్యచిత్రం రూపొందించి, ఒకే ఒక్క డాలరు పారితోషికం తీసుకున్నాడు.

మనకూ ఈ చరిత్రకూ సంబంధం ఏమిటని అడిగేవారుండవచ్చు. 1964 పౌరహక్కుల చట్టం నల్లజాతీయుల పోరాట ఫలం. ఆ మరుసటి ఏడాది, అదే పోరాటం తెచ్చిన వాతావరణంలో, జాతుల వారీ కోటాలను తొలగించిన వలస చట్టం వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు, ఆ వెనుక మనమూ వచ్చింది ఆ తెరిచిన తలుపులోంచే. ఇది రుణం. ఏడాదికి ఒక పండుగలో ఒక ఉపన్యాసంతో తీరేది కాదు.

కాబట్టి కొన్ని పనులు సూచిస్తాను. బంధువులు వచ్చినప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ లోపలికి తీసుకువెళ్లండి. మాట్లీని, మార్షల్‌ను పిల్లల చేత వెతికించండి, ఆ రోజు అవి గోడ మీద ఉన్నాయో లేవో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వేరొక రోజు సౌత్ సైడ్‌కు కేటాయించండి. 26వ వీధి విగ్రహం, ఆర్ట్ సెంటర్, డూసాబుల్ మ్యూజియం, మూకహత్యలకు వ్యతిరేకంగా పోరాడిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ స్మృతికి రిచర్డ్ హంట్ చేసిన, 2021లో నెలకొల్పిన ఆ ఎగసే లోహశిల్పం, ఓపిక ఉంటే స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంకు కూడా. ఆ బ్యాంకు 1923 నాటి భవనం. కూలిపోయే స్థితిలో ఉన్న దాన్ని కళాకారుడు థియస్టర్ గేట్స్ నగరం నుంచి ఒక డాలరుకు తీసుకుని, గ్రంథాలయంగా, ప్రదర్శనశాలగా మార్చి 2015లో తెరిచాడు. ‘ఎబొనీ’ పత్రికను నడిపిన జాన్సన్ సంస్థ పుస్తకాలు, చికాగోలో పుట్టిన ‘హౌస్’ అనే నృత్యసంగీతాన్ని నిలబెట్టిన ఫ్రాంకీ నకుల్స్ గ్రామఫోను రికార్డులు అక్కడ ఉన్నాయి.

అక్కడి చిన్న ప్రదర్శనలకు, కళాసంతలకు వెళ్లినప్పుడు చూసి వచ్చేయకండి, కొనండి. పేరున్న కళాకారుల కాన్వాసులు మన స్తోమతకు అందవు కానీ, ఇప్పుడిప్పుడే పని చేస్తున్న యువ కళాకారుల అచ్చు ప్రతులు, చిన్న బొమ్మలు అందుతాయి. వేసినవారు సాధారణంగా అక్కడే ఉంటారు. ఏ కాగితం మీద అచ్చు వేశారు, ఎన్ని ప్రతులు తీశారు అని అడిగితే సంతోషంగా చెబుతారు. మన ఇళ్ల గోడల మీద బాపు గారి బొమ్మ ఉంటుంది, తిరుమల క్యాలెండరు ఉంటుంది. వాటి పక్కన మనం బతుకుతున్న ఈ ఊరి బొమ్మకు చోటుంది. ఈ వసంతంలో సౌత్ సైడ్ యాత్రకు రాదలచినవారు సభ ముగిశాక ద్వారం దగ్గరున్న పుస్తకంలో పేరు రాయండి. కార్లలో చోటు ఉన్నవారు ఆ సంగతి కూడా రాయండి. పిల్లలను తప్పక తీసుకురండి.

నమస్కారం.